నవమి నాడు ముట్టిన స్క్రూడ్రైవర్

విఠల్‌రావు మొండితనం గురించి గౌలిపురలో తెలియనివాళ్లు లేరు. చార్మినార్ వెనక సందులో గడియారాలు బాగుచేసే దుకాణం ఆయనది. ఏటా ఆయుధ పూజ నాడు పనిముట్లన్నీ ఇంటికి తెచ్చి దేవుడి ముందు పెడతాడు. మర్నాడు దశమి పొద్దున ఉద్వాసన చెప్పేదాకా వాటిని వేలితో కూడా ముట్టడు. ముప్పై రెండేళ్లుగా ఇదే నియమం. ఓ ఏడు సరిగ్గా పూజనాడే సొంత చేతిగడియారం ఆగిపోతే, ఎదురింటి భిక్షపతిని టైమెంతయిందని గంటకోసారి అడుగుతూ రోజంతా గడిపాడు తప్ప స్క్రూడ్రైవర్ జోలికి పోలేదు. అంతటి మహానుభావుడు.

రెండువేల ఎనిమిది మహర్నవమి నాడు, మధ్యాహ్నం ఒంటిగంటకు, ఆ మహానుభావుడి ముందు కూతురు మాన్య నిలబడి బతిమాలుతోంది. ఆమె ల్యాప్‌టాప్ పూజలో ఉంది మరి.

అది తల్లి నళిని చేసిన పని. పొద్దున పిల్ల తలంటుకుంటూ ఉండగా, దాని ఉద్యోగం ఈ పెట్టె మీదే ఆధారపడి ఉంది కదా అనుకుని, దాన్ని తీసుకెళ్లి భర్త పనిముట్ల పక్కన పీట మీద పెట్టింది. పసుపు కుంకుమలు పెట్టి, బంతిపూలు ఉంచి, అక్షతలు వేసి, కళ్లు మూసుకుని ఐదు నిమిషాలు మొక్కింది కూడా.

"నాలుగు లోపల పంపాలె బాపూ. నాలుగు దాటితే ముట్టుకోరంట," అంది మాన్య.

"రేపు పంపు."

"రేపెవరు తీసుకుంటరు? బంజారాహిల్స్ ఆఫీసుల నవమీ లేదు, దశమీ లేదు."

కంప్యూటర్ ఆటల్ని అమ్మకానికి పెట్టేముందు వాటిలోని తప్పుల్ని వెతికే కంపెనీ అది. ఉద్యోగాలు నాలుగు, పరీక్షకు మిగిలినవాళ్లు నలభై మంది. ఒక్కొక్కరికీ నిన్న ఒక డిస్కు ఇచ్చి పంపారు. అందులోని ఆటను ఎవరి కంప్యూటర్ మీద వాళ్లు ఒక గంటసేపు ఆగకుండా ఆడి, కనిపించిన తప్పులు రాసి పంపాలి. ఎంతసేపు ఆడారో ఆట తన లెక్క తనే రాసుకుంటుంది. మధ్యలో కంప్యూటర్ ఆగిందా, ఆ లెక్క చెరిగిపోయి గంట మళ్లీ మొదటినుంచి మొదలవుతుంది.

"ఆటలాడితే నౌకరీ ఇస్తరా? ఏం జమానా వచ్చింది!" అన్నాడు విఠల్‌రావు.

"లొల్లి ఎందుకండీ. నేనే పెట్టిన, నేనే తీసిస్త," అంది నళిని.

విఠల్‌రావు పీట వైపు చూసి నవ్వాడు. "నియమం ఆయుధాలకు. ఆటబొమ్మకేంది? తీస్కపో."

ఆ మాట మాన్యకు చురుక్కుమంది. పోట్లాడటానికి టైమ్ లేక, పూలు పక్కన పెట్టి ల్యాప్‌టాప్ తీసుకుపోయింది.

అలా నవ్వినవాడికి ఆ ఉద్యోగం ఎంత అవసరమో ఇంట్లో ఎవరికీ తెలియదు. సెల్‌ఫోన్లొచ్చాక చేతిగడియారం పెట్టుకునేవాళ్లు తగ్గారు, బాగుచేయించుకునేవాళ్లు అసలే పోయారు. విఠల్‌రావు పొద్దున్నే షట్టర్ ఎత్తి, అద్దాలు తుడిచి, దారినపోయేవాళ్లను చూస్తూ కూర్చుని, చీకటి పడ్డాక ఇంటికొస్తున్నాడు. ఈ సంగతి పెళ్లానికి చెప్పడానికి నోరు రాలేదు. మాన్యకు ఉద్యోగమొస్తే అప్పుడు చెప్పొచ్చులే అని రోజులు నెట్టుకొస్తున్నాడు. ఆటలమీద ఎంత ఎగతాళి ఉన్నా, ఈ పిల్ల గెలవాలని ఆ ఇంట్లో అందరికన్నా గట్టిగా కోరుకుంటున్నది ఆయనే.

ల్యాప్‌టాప్ మేనమామ అమరనాథ్ వాడి వాడి వదిలేసినది. బ్యాటరీ ఎప్పుడో చచ్చింది, తీగ గోడకు తగిలించి ఉంటేనే బతుకు. అంత పాతదాని మీద కొత్త ఆట ఆడించడానికి నిన్న సాయంత్రం మాన్య చేయని పని లేదు. పాత సినిమాలన్నీ చెరిపి చోటు చేసింది. వెనకాల దొంగచాటుగా నడిచే ప్రోగ్రాములన్నిటినీ ఆపింది. బొమ్మ సైజు తగ్గించింది, నీడలు తీసేసింది, నీటిలో తళుకులు తీసేసింది. సెకనుకు ఎన్ని బొమ్మలు మారుతున్నాయో చూపించే అంకె తెర మూలన ఉంటుంది. అది ఇరవై ఐదుకు తగ్గకపోతే ఆట సాఫీగా నడుస్తున్నట్టు. నిన్న చివరికి ఇరవై ఎనిమిది దగ్గర నిలిచింది. హమ్మయ్య అనుకుని పడుకుంది.

ఈరోజు పది నిమిషాలు కూడా నడవలేదు. కోటగోడ వెంట గుర్రం మీద దూసుకుపోతున్న రౌతు ఉన్నట్టుండి తడబడ్డాడు. మూలన అంకె ఇరవై ఎనిమిది నుంచి పద్దెనిమిదికి, అక్కణ్నుంచి ఏడుకు జారింది. టప్పుమని తెర నల్లబడింది.

"ఏమైంది?" అంది నళిని.

"ఏం కాలే. సెట్టింగు ఎక్కువైనట్టుంది."

మళ్లీ ఆన్ చేసి చెట్లమీద ఆకులు తగ్గించింది. పొగ తీసేసింది. ఆట మొదలుపెట్టింది. ఈసారి తొమ్మిది నిమిషాలకే పోయింది. మూడోసారి కోట కూడా సున్నం వేసిన గోడలా బోడిగా మిగిలింది, అయినా ఎనిమిది నిమిషాలకు ఆగింది. గోడగడియారం రెండుంబావు చూపిస్తోంది.

"నిన్న మంచిగ నడిచింది బాపూ! ఏం మారిందో తెలుస్తలేదు. ఇగ తీసేసేటందుకు ఏం మిగల్లేదు. మూడు లోపల మొదలు పెట్టకుంటే అంతే, ఖతం," అంటూ ఏడుపు ఆపుకోలేకపోయింది.

విఠల్‌రావు అప్పటిదాకా మంచం మీద పడుకుని అటు తిరిగి ఉన్నాడు. నిద్రపోయాడనుకుంటే పొరపాటే. మూడుసార్లూ చెవులు రిక్కించి విన్నాడు. కంప్యూటర్ గురించి ఆయనకు ఓనమాలు రావు, నిజమే. లోపల తిరిగేదేదైనా సరిగా తిరుగుతోందో లేదో మాత్రం కళ్లు మూసుకుని చెప్పగలడు. లేచి వచ్చి ల్యాప్‌టాప్ పక్కన చెవి ఆనించాడు.

"మళ్ల షురూ చెయ్."

మాన్య ఆన్ చేసింది. లోపల గర్‌ర్‌మని చిన్న గీరుడు, ఆగుడు, మళ్లీ గీరుడు.

"దీంట్ల ఫ్యాన్ ఉన్నదా?"

"ఉన్నది. వేడి బయటికి పంపేది."

"అది తిరుగుతలేదు. దేనికో తట్టుకొని నిలబడుతున్నది. నీ సెట్టింగుల తప్పేం లేదు బిడ్డా. దీనికి ఊపిరాడుతలేదు."

మాన్య ల్యాప్‌టాప్ ఆపి, తీగ పీకి, తిరగేసింది. అడుగున ఫ్యాన్ మీద చిన్న మూత, దానికి ఐదు మరలు. పెసరగింజలో సగం కూడా లేవు ఒక్కోటి.

"ఇంత సన్నపు స్క్రూడ్రైవర్ ఎక్కడ దొరుకుతది ఇప్పుడు? పండుగ పూట దుకాణాలన్నీ బంద్," అంది.

ఎక్కడ దొరుకుతుందో ముగ్గురికీ తెలుసు. ముగ్గురూ పీట వైపు చూశారు. దీపం వెలుగుతోంది. గంధం బొట్లతో వరసగా పదకొండు స్క్రూడ్రైవర్లు, పక్కన పట్టకారు, సన్న కుంచె, గాలి కొట్టే రబ్బరు బుడ్డి, కంటికి పెట్టుకునే అద్దం.

"వద్దండీ," అంది నళిని మెల్లగా. "ముప్పై రెండేండ్ల నియమం."

మాన్య తండ్రిని అడగలేదు. అడిగి ఉంటే కాదనేవాడేమో. అడక్కుండా గడియారం వైపే చూస్తుంటే ఆయన ప్రాణం విలవిల్లాడింది. పీట దగ్గరికి వెళ్లి, రెండు చేతులూ జోడించి, అన్నిటికన్నా సన్నదాన్ని తీశాడు. భయపడ్డాడు, అందులో దాపరికమేమీ లేదు.

మొదటి మర తిరిగాక మాత్రం చేతికి పాత ధైర్యం వచ్చింది. ఐదు మరలూ సాసర్‌లో పడ్డాయి. మూత తీసి, కంటికి అద్దం పెట్టుకుని వంగాడు. రెక్కల మధ్య ఇరుక్కుని ఉంది, పచ్చగా ఒక బియ్యపు గింజ. గాలి పోయే సందుల నిండా పసుపు, కుంకుమ ముద్దకట్టి ఉన్నాయి. బండికైతే ముందు జాలీకి బొట్టు పెడతారు. ఈ పెట్టెకూ పక్కన జాలీ కనిపించేసరికి అదే దీని ముఖమనుకుని నళిని దండిగా అద్దింది, అక్షతలూ అక్కడే వేసింది.

మాన్య కూడా చూసింది. ఆమె ముఖం కందగడ్డయింది, "అమ్మా!" అని నోరు తెరిచింది. విఠల్‌రావు అద్దం పెట్టుకోని రెండో కంటితో వద్దని సైగ చేశాడు.

"ఏమున్నదండీ లోపల?" నళిని గుమ్మంలోంచే అడిగింది.

"అమరనాథ్ జమానా దుమ్ము. ఏనాడన్న తుడిచిండా వాడు!"

పట్టకారుతో గింజను లాగి అరచేతిలో దాచుకున్నాడు. సన్న కుంచెతో పసుపు దులిపి, బుడ్డితో గాలి కొట్టి, ఫ్యాన్ రెక్కను వేలికొనతో తిప్పి చూశాడు. నూనె పెట్టిన గడియారం చక్రంలా తిరిగింది. మరలు బిగించేసరికి రెండూ నలభై ఎనిమిది.

గంట మొదలైంది. పది నిమిషాలు దాటింది, పదిహేను దాటింది, అంకె ముప్పై మీద ఉంది. ఇరవయ్యో నిమిషాన మాన్య మొదటిసారి గట్టిగా ఊపిరి వదిలి, కాగితం మీద తప్పులు రాసుకోవడం మొదలుపెట్టింది. గుర్రం కాలు గోడలోంచి దూరిపోతోంది, ఒకటి. మెట్లు దిగుతుంటే కత్తి మాయమవుతోంది, రెండు.

"ఆగు. ఆ బురుజు మీద గడియారమేంది గట్లున్నది?" అన్నాడు వెనక నిలబడ్డ విఠల్‌రావు.

"ఏమైంది బాపూ?"

"పెద్దముల్లు ఆరు మీద ఉన్నది, అంటే అర్ధగంట. చిన్నముల్లు ఇంకా సరిగ్గ మూడు మీదనే ఎట్లుంటది? మూడుకూ నాలుక్కూ నడుమ ఉండాలె. వీడెవడో గడియారం చూడనోడు చేసిండు."

మాన్య తల తిప్పకుండానే రాసుకుంది, మూడు. ఇంత పెద్ద ఆట చేసినవాళ్లకు తప్పు పట్టాడు తను! విఠల్‌రావుకు ఒళ్లంతా హాయిగా అనిపించింది. ఇది ఆట కాదు, పనే, అదీ తన పనిలాంటిదేనని ఆయనకు అప్పుడు తట్టింది.

నలభయ్యో నిమిషాన వీధి చివర అమ్మవారి పందిట్లో మైకులూ లైట్లూ ఒక్కసారిగా మొదలయ్యాయి. ఇంట్లో బల్బు ఎర్రగా మసకబారింది, పైన ఫ్యాన్ వేగం తగ్గిపోయింది. బ్యాటరీ లేని ల్యాప్‌టాప్, కరెంటు కన్ను కొడితే చాలు, అన్నీ పోతాయి. విఠల్‌రావు ఉన్న కరెంటంతా దానికే అందాలని ఒక్క ఉదుటున లేచి ఫ్యాన్ ఆపాడు, బల్బు ఆపాడు. నళిని పరుగున పోయి ఫ్రిజ్ తీగ పీకింది. ముగ్గురూ చెమటలు కక్కుతూ ఆ తెర ముందు కూర్చున్నారు. యాభై. యాభై ఐదు. అంతలో ఫోన్ మోగింది. పండుగ శుభాకాంక్షలు చెప్పడానికి అమరనాథ్.

"ఇయ్యాల చెప్పకపోతే కొంపలేం మునగవు, పెట్టెయ్!" అని విఠల్‌రావు బావమరిది మీద అరిచి ఠక్కున పెట్టేశాడు.

తెర మీద గంట నిండింది. లెక్క నిలిచింది. మాన్య ఫోన్ తీగను ల్యాప్‌టాప్‌కు తగిలించి, ఆ లెక్కను తప్పుల జాబితాతో కలిపి పంపింది. కీచుమంటూ, ఆగుతూ, నిమిషం తర్వాత నిమిషం మింగుతూ పోయింది. మూడూ యాభై ఏడుకు జవాబొచ్చింది. అందింది, ఫలితం శుక్రవారం.

"పోయింది బాపూ! పోయింది!" అంటూ మాన్య తండ్రి చేతులు పట్టుకుని ఊపేసింది.

నళిని పీట ముందు కూర్చుని దీపంలో నూనె పోసింది. ఆమెకు సంతోషం కన్నా దిగులే ఎక్కువగా ఉంది. "వచ్చి లెంపలేసుకోండి. పూజనాడు పనిముట్టు ముట్టిండ్రు. రేపు దుకాణానికి ఏమన్నా అయితే?"

విఠల్‌రావు స్క్రూడ్రైవర్‌ను పంచె కొసతో తుడుస్తున్నాడు. శుక్రవారం దాకా ఆగుదామనుకున్నాడు. చేతిలో ఉన్నదాన్ని చూసేసరికి ఆగలేకపోయాడు.

"దుకాణానికి అయ్యేది ఎప్పుడో అయింది, నళినీ. పూజనాడు ఇవి పండుకోవాలంటరు గదా. పోయిన దసరా సంది పండుకునే ఉన్నయ్. ఏడాదిల ఇయ్యాల ఒక్కనాడే పనికొచ్చినయ్."

మాన్య తల తిప్పి చూసింది. నళిని నూనెగిన్నె కింద పెట్టి ఆయన వైపు తిరిగింది.

"మరి దినాం పొద్దుగాల అన్నం డబ్బా కట్టించుకొని ఎటు పోతున్నరు?"

"దుకాణానికే," అన్నాడు విఠల్‌రావు. "కూసుంట. డబ్బా తింట. ఇంటికొస్త."