రబ్బరు తోలు

పెళ్ళయి మూడు నెలలు. ఆ ఇంట్లో నాకు ప్రతిదీ ముద్దుగానే ఉండేది. ఒకే గ్లాసులో మా ముగ్గురి టూత్‌బ్రష్‌లు, మా ఆయన మేజోళ్ళని ఉండలు చుట్టి అరలో పేర్చే పద్ధతి, పక్కగదిలో అత్తయ్య కుట్టుమిషను టకటకలాడుతుంటే ఆ లయకి నేను గిన్నెలు కడగడం. ఇంత సంతోషంగా ఉన్న మనిషి వల్ల ఎవరికైనా నొప్పి కలుగుతుందంటే నమ్మేదాన్ని కాదు.

ఆ శనివారం మధ్యాహ్నం వాన. నా ఆఫీసు స్నేహితులు ఇద్దరు వచ్చారు. ఏదైనా సినిమా చూద్దామంటే మా ఆయన ఒక పాత రాక్షసి సినిమా పెట్టాడు. అది తను పుట్టిన ఏడే విడుదలైందట. అంతకు ముప్ఫై ఏళ్ళ ముందు నలుపు తెలుపుల్లో వచ్చిన కథనే రంగుల్లో మళ్ళీ తీశారు. ఆ పాతదాన్ని నేను కాలేజీ రోజుల్లో చూశాను. అందులో రాక్షసి మడుగులోంచి నీడలా లేస్తుంది, అంతే. ఆ నీడకే ఒళ్ళు జలదరించేది. కొత్తదాంట్లో నీడా లేదు, గీడా లేదు. లేచీ లేవగానే పడవవాడి పొట్ట చీల్చేసింది. పేగులు మూరలకొద్దీ బయటికొచ్చాయి, ఇంకా వస్తూనే ఉన్నాయి. రక్తమైతే బకెట్లతో కుమ్మరించారు. మేం కడుపు చెక్కలయ్యేలా నవ్వాం.

అక్కడితో ఊరుకోవచ్చుగా. రిమోటును మైకులా పట్టుకుని వ్యాఖ్యానం మొదలుపెట్టాను. ఆ పేగులతో మా డాబా మీద బట్టలారేసుకోవడానికి నాలుగు వరసల తాడు కట్టొచ్చన్నాను. వాళ్ళు నవ్వేకొద్దీ నాకు హుషారెక్కింది. రాక్షసి ఒడ్డెక్కి నడవసాగింది. కాళ్ళు ఎడంగా వేస్తూ, ఒక చెయ్యి వెనక నడుముకి ఆనించి, రెండడుగులకోసారి ఆగుతూ. నేను లేచి గది మధ్యలో అచ్చం అలాగే నడిచి చూపించాను.

అటు తిరిగేసరికి గుమ్మంలో అత్తయ్య ఉన్నారు, మెడలో టేపుతో. మిషను ఎప్పుడు ఆగిందో నేను గమనించలేదు.

"చూడండి అత్తయ్యా, నెలలు నిండినదానిలా ఎలా నడుస్తోందో. మనుషుల్ని తినడానికి కాదు, పురిటికొచ్చినట్టుంది పాపం," అన్నాను.

మా ఆయన సోఫాలోంచి కిందికి జారిపోయి మరీ నవ్వాడు. అత్తయ్య కూడా చిన్నగా నవ్వారు. పరదాల అంచులు కుట్టాలి, పక్కింటివాళ్ళు పొద్దున్నే అడుగుతారు అని చెప్పి లోపలికి వెళ్ళి తలుపు చప్పుడు కాకుండా వేసుకున్నారు. ఆ జాగ్రత్త కూడా నాకు ముద్దుగానే అనిపించింది.

మర్నాడు పొద్దున ఆవిడ పరదాలివ్వడానికి పక్కింటికి వెళ్ళారు. బల్లమీద వదిలేసిన ఫోను మోగితే నేను తీశాను. పాత సినిమాల సంఘం కార్యదర్శినని ఒకాయన చెప్పాడు. వచ్చే ఆదివారం ఆ రెండు సినిమాలూ, పాతదీ కొత్తదీ, ఒకదాని వెంట ఒకటి వేస్తున్నారట. అమ్మగారు వస్తానని మాటిచ్చి, నిన్న సాయంత్రం ఫోను చేసి రానన్నారట. మనసు మార్చుకున్నారేమో కనుక్కుందామని చేశాడట. ఆ సినిమాకీ మా అత్తయ్యకీ ఏం సంబంధమని అడిగాను.

"అదేంటమ్మా, ఆ రాక్షసి ఆవిడే కదా. టైటిల్స్‌లో ఎక్కడా పేరు లేదు. ఆ తోలు లోపలున్నది ఎవరో తెలుసుకోవడానికి మాకు మూడేళ్ళు పట్టింది."

ఫోను పెట్టేసి కుర్చీలో కూలబడ్డాను. సినిమా వచ్చిన ఏడు, మా ఆయన పుట్టిన ఏడు, ఆ నడక. లెక్కలంటే నాకు చిన్నప్పటినుంచీ గుండెదడ. ఈ ఒక్క లెక్క మాత్రం ఎవరూ చెప్పకుండానే తేలిపోయింది. చెవులు రెండూ భగభగ మండాయి. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని మా అమ్మమ్మ వెయ్యిసార్లు చెప్పి ఉంటుంది. వెయ్యిసార్లూ ఊఁ కొట్టాను.

అత్తయ్య రాగానే ఫోనొచ్చిందని చెప్పాను. నా మొహం చూసి మిగతాది ఆవిడే గ్రహించారు. మిషను ముందు కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తూ, ఎవరి కథో చెప్పినట్టు చెప్పుకొచ్చారు. అప్పట్లో ఆవిడ సినిమా దుస్తుల విభాగంలో దర్జీ. ఆ పేగులు కుట్టిందీ ఆవిడే. లైనింగు గుడ్డ గొట్టాల్లా కుట్టి, దూది కూరి, రబ్బరు పాలలో ముంచేవాళ్ళట. రాక్షసి తోలేమో ఫైట్లు చేసే ఒక వస్తాదు కొలతలకి సరిగ్గా కుట్టారు. ఆరితే రబ్బరు కుంచించుకుపోతుందని ఎవరికీ తట్టలేదు. వస్తాదుకి తొడల దగ్గరే ఇరుక్కుపోయింది. ఇంకొకటి చేసే వ్యవధి లేదు. లోపల పట్టేంత చిన్న మనిషి కావాలి, ఏ కుట్టు ఎప్పుడు తెగుతుందో తెలిసిన మనిషి కావాలి. అలాంటి మనిషి ఆవిడొక్కరే. అప్పుడు ఐదో నెల. చెబితే ఇంటికి పంపేస్తారని చెప్పలేదు. పొట్టవల్ల వీపు మీది జిప్పు పూర్తిగా పడేది కాదు. అందుకే ఒక చేత్తో వెనక బిగించి పట్టుకుని నడిచేవారట. కడుపుతో ఆ వేషం వేసిన సంగతి మావయ్యగారికి తెలుసు. ఆయన పోయాక ఇంకెవరికీ తెలియదు.

"డైరెక్టరు చూశాడు, కెమెరా ఆయన చూశాడు, అంతంత జనం చూశారు. కడుపుతో ఉన్నానని ఒక్కరికీ అనుమానం రాలేదు. నువ్వే కనిపెట్టావు," అన్నారు.

మెచ్చుకున్నట్టే అన్నారు. లెంపకాయ కొట్టినా అంత తగిలేది కాదు.

క్షమించమన్నాను. అక్కర్లేదన్నారు. విడుదలైన రోజున హాల్లో కూడా జనం నవ్వారట. బయటివాళ్ళు నవ్వితే ఆవిడకేం పట్టదట.

"ఆదివారం వాణ్ణి తీసుకెళ్ళి, హాల్లోనే చెబుదామనుకున్నా. అందులో నువ్వు కూడా ఉన్నావురా అని. నిన్న వాడు నవ్విన నవ్వు విన్నాక నోరు రావట్లేదమ్మా."

ఆ నవ్వు నేను తెప్పించిందే. ముప్ఫై రెండేళ్ళు దాచుకున్న మాటని పది నిమిషాల్లో చెప్పలేని మాటగా మార్చేశాను. నేనే వెళ్ళి ఆయనకి చెప్పేస్తే నా బరువు దిగిపోతుంది. కానీ అది ఆవిడ చెప్పుకోవలసిన మాట. దాన్ని కూడా నేనే లాక్కోవడం అవుతుంది. ఆయన్ని లోపలికి పంపనా అని మాత్రం అడిగాను. ఆవిడ సూది తీసి దిండుకి గుచ్చి, తలుపు వైపు తిరిగి కూర్చున్నారు.

మా ఆయన పెరట్లో సైకిలు తుడుస్తున్నాడు. నన్ను చూసి, వెనక చెయ్యి పెట్టుకుని నాలుగడుగులు వేశాడు, నిన్నటిలాగే. నాకు ఏడుపొచ్చింది. అమ్మ నీకో మాట చెబుతారు, నిన్న మనం నవ్వింది నా వల్ల, అది మనసులో పెట్టుకుని విను అన్నాను. ఏమీ అర్థంకాక, చేతులు తుడుచుకుంటూ వెళ్ళాడు.

వంటింట్లో కడిగిన గ్లాసుల్నే మళ్ళీ కడుగుతూ నిలబడ్డాను. గోడ అవతల అత్తయ్య గొంతు చాలాసేపు వినిపించింది. తలుపు తీసుకుని బయటికొచ్చిన మనిషి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నావైపు చూడకుండా బల్లమీది ఫోను తీసుకెళ్ళి అమ్మ చేతిలో పెట్టాడు. పెళ్ళయ్యాక ఆయన నన్ను చూడకుండా పక్కనుంచి వెళ్ళడం అదే మొదటిసారి. తప్పు పట్టను.

గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోయాను. అత్తయ్య నంబరు నొక్కి, వస్తున్నానని చెప్పారు. మూడు కుర్చీలు పక్కపక్కనే ఉంచమన్నారు. అటునుంచి ఏదో అడిగినట్టున్నారు.

"మా అబ్బాయి, మా కోడలూ వస్తారు. అవునండీ, ఆ నవ్విన కోడలే," అన్నారు.

నిన్న రానని చెప్పినప్పుడే కారణమూ చెప్పినట్టున్నారు. ఊరంతా వినేట్టు చెప్పినా నేను అంత కుంచించుకుపోయేదాన్ని కాదు. ఆవిడ ఫోను పెట్టేసి, పక్కనున్న స్టూలు మీది గుడ్డ ముక్కలన్నీ తీసి ఒళ్ళో వేసుకున్నారు. నేను వెళ్ళి దానిమీద కూర్చున్నాను.