దేవుడి మీద ఫిర్యాదు

సత్యమూర్తి సారు నా వ్యాసం పేరు మీద ఎర్ర సిరాతో అడ్డంగా గీత కొట్టేశారు. "దేవుడి మీద ఫిర్యాదు" అని పెట్టుకున్నాను. జగదల్‌పుర్ క్రైస్తవ వేదాంత కళాశాలలో ఇది నా ఆఖరి ఏడాది. వ్యాసం ఒప్పుకోకపోతే పట్టా రాదు. నాకు ఒళ్లు మండిపోయింది.

"చూడమ్మా ముయె, దైవశాస్త్రమంటే దేవుణ్ణి తెలుసుకోవడం. బోనెక్కించడం కాదు. నువ్వు రాసింది జానపదం, అది వేరే శాఖ," అన్నారాయన.

దైవశాస్త్రం పరిధి గురించి మూడేళ్లుగా ఆయన చెప్పిందంతా రాసుకున్నాను. గ్రీకు మాటలు కూడా బట్టీ పట్టాను. ఆ పరిధిలో ఎర్రబోరు అవతల అడవిలో ఉన్న మా ఊరికి మాత్రం చోటు లేదట. బాప్తిస్మం తీసుకున్నది నేనే, మా నాయన కాదు. అంతమాత్రాన ఆయన దేవుడి గురించి ఆలోచించలేదా?

"మా నాయిన బుధ్రా సదువుకోలేదు సార్. మా తమ్ముడు జోగ జరమొచ్చి సచ్చిపోయిండు. మా దిక్కు దేవుడు తప్పు జేస్తే జాతరల పెద్దలు పంచాయితీ పెడ్తరు. ఇంటి దేవుడు కాపాడలేదని నాయిన ఆ పెద్దల ముందు కేసు పెట్టిండు. మొదటి ఏడు ఓడిపోయిండు. రెండో ఏడు మల్ల పెట్టిండు. అప్పుడు దేవునికి శిక్ష పడ్డది. ఏడాది దాకా ఆయన బొమ్మను ఊరి బయట పెట్టాలన్నరు."

 

"అది నమ్మకం లేకపోవడమే కదమ్మా?" అన్నారు సారు.

"లేనోని మీద ఎవరన్నా కేసు పెడ్తరా సార్?"

వరండాలో పోతున్నవాళ్లు ఆగి చూశారు. చూడనీ అనుకున్నాను.

"శిక్ష పడ్డంక ఏమైందో ఇనండి. ప్రతి అంగడి నాడు నాయిన ఊరి బయటికి పోయి ఆ దేవుని ముందల అన్నం పెట్టొచ్చేటోడు. మన పిల్లగాన్ని కాపాడనోనికి అన్నమేందని అమ్మ ఏడ్సింది. శిక్ష శిక్షే, ఆకలి ఆకలే అన్నడు. పెట్టినంక ఆడనే కూసొని, జోగ పేరు జెప్పి తిట్టేటోడు. ఇది ఏ శాఖలకొస్తది సార్? మీరే రాయండి."

ఆయన ఎర్ర కలం మూత పెట్టారు, మళ్లీ తీశారు.

"పేరు మార్చి సోమవారానికి తీసుకురా," అన్నారు చివరికి, నా వైపు చూడకుండా.

కాగితం నా వైపు లాక్కున్నాను. ఆయన బల్ల మీదే, ఆయన గీత కిందే, అవే మూడు మాటలు ఇంకా పెద్ద అక్షరాలతో రాశాను.

"ఫెయిల్ చేస్తే?" అన్నారు.

"వచ్చే ఏడు మల్ల పెడ్త," అన్నాను.