అడిగే కుండకు గింజ ఆడించిన మర

నేను ఒక చేతి మరను. చవక రకం. ఆ మాట మీరు అనకముందే నేనే అనేస్తున్నాను, ఎందుకంటే నన్ను చూసిన ప్రతివాడూ మొదట అదే అంటాడు, నాకు ఒళ్ళు మండేదీ అక్కడే. పోత ఇనుము ఒళ్ళు, పైన పేరుకు పూసిన కళాయి, గింజలు పోయడానికి నెత్తిన ఒక గిన్నె, లోపల పళ్ళున్న రెండు బిళ్ళలు, పక్కన తిప్పే పిడి. ముందు వైపు ఒక స్క్రూ ఉంటుంది. బిగిస్తే పిండి రాలుతుంది, వదులు చేస్తే రవ్వ రాలుతుంది. ఇంతే నా విద్య. ఈ పాటి విద్య కూడా తలకెక్కక, ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు నన్ను తిట్టిపోసినవాళ్ళు ఎంతమందో!

ఎక్కడో ఒక పోతపని షెడ్డులో నన్ను పోశారు. పోసినవాడికి తొందర, అరగదీసినవాడికి అంతకంటే తొందర. అంచులు గరుకుగానే ఉన్నాయి, బిళ్ళల మధ్య నల్లటి జిడ్డు అలాగే ఉంది. అలాగే గోనెసంచిలో కుక్కి లారీ ఎక్కించారు. దిగేసరికి కొండల మధ్య ఒక సంత. సత్తు గిన్నెలకూ కొబ్బరితాళ్ళ చుట్టలకూ నడుమ నేల మీద కూర్చోబెట్టారు. కొనేవాడొక్కడు లేడు గాని తిప్పి చూసేవాళ్ళకు కొదవా? గిరగిరా తిప్పడం, పెదవి విరవడం, పోవడం. అంత వేడుకగా ఉంటే వాళ్ళ చెవులు తిప్పుకోవచ్చు కదా!

నన్ను కొన్నవాడు గాసన్న. బూరుగుగొంది అనే కొండ మీద ఊరు వాళ్ళది. అతని పెళ్ళాం సుక్రికి రోట్లో దంచి దంచి కుడి భుజం పట్టేసింది, చెయ్యి పైకి లేవడం లేదు. అందుకని నన్ను భుజాన వేసుకుని కొండెక్కాడు. ఇంటి ముందు అరుగు మీద చెక్కబల్లకు నన్ను బిగిస్తుంటే ఆమె నడుం మీద చెయ్యి వేసుకుని చూసింది.

"ఏటిది? ఇనప పిల్లినాగుంది!"

"నీ బుజానికే తెచ్చినానే. తిప్పి సూడు."

పిల్లి అన్నందుకు నాకు కోపం వచ్చింది. కానీ ఆమె నన్ను తిప్పిన తీరు చూశాక కొంచెం తగ్గింది. ముందు గుప్పెడు గింజ పోసి ఆడించి, ఇనుప మురికితో నల్లబడిన ఆ రవ్వను పారబోసింది. మళ్ళీ గుప్పెడు పోసి, అరచేతిలో పట్టి, పొట్టు ఊదేసి చూసింది. స్క్రూ కొంచెం వదులు చేసింది. ఇంకో గుప్పెడు. అప్పుడు నవ్వింది.

ఆమె నాతో ఆడించేది లందకు. లంద అంటే కొండ మీద ఇళ్ళల్లో పులియబెట్టుకునే గింజ కల్లు. మొక్కజొన్న నానబెట్టి, అడ్డాకుల్లో చుట్టి మొలకెత్తిస్తారు. మొలక వచ్చాక గలగల్లాడేదాకా ఎండబెట్టి నా నెత్తిన పోస్తారు. ఆ గింజను పగలగొట్టాలి, అంతే. పిండి చేస్తే కుండలో బంకై కూర్చుంటుంది. పగలకుండా వదిలేస్తే గింజ గింజే, నీళ్ళు నీళ్ళే. పగిలిన రవ్వను సోళ్ళ జావలో, అంటే రాగి జావలో కలిపి, చల్లార్చి, కుండకెత్తి మూతి కడితే కొన్నాళ్ళకు లోపల గొణుగుడు మొదలవుతుంది. సుక్రి చెయ్యి పడితే ఆ గొణుగుడు అరుగు మీద నాకు కూడా వినిపించేది. ఊళ్ళో ఏ పండగైనా ఆమె కుండే ముందుగా ఖాళీ అయ్యేది.

గాసన్న తమ్ముడు జోగులు. వీడి పేరెత్తితేనే నా పళ్ళు కరకరలాడతాయి. ఒకసారి నన్ను అరువు తీసుకెళ్ళాడు. మొలకలు ఎండేదాకా ఆగితేనా? పచ్చివే పోసి తిప్పాడు. ముద్ద ముద్దయి నా గొంతుకు అడ్డం పడింది. గింజ తడిగా ఉందేమో అని ఒక్క క్షణం ఆలోచించాలా వద్దా? రాయి తీసుకుని నా మూతి మీద కొట్టాడు. తెచ్చిచ్చేటప్పుడు "పనికిమాలిన మర వదినా" అన్నాడు. వాడి పెళ్ళాం కూడా ఆ చేతి దురుసుకే పుట్టింటికి పోయి మళ్ళీ ఈ కొండ ఎక్కలేదు.

గాసన్న జ్వరం వచ్చి పోయాడు. ఆ ఏడాది సుక్రి నన్ను పెద్దగా తిప్పలేదు. తిప్పినప్పుడు కూడా మాట లేదు, నవ్వు లేదు. కానీ పొలం వదల్లేదు. గాసన్నా ఆమే కలిసి వేసిన కాఫీ తోట కాపుకొచ్చింది. ఒక్కతే కోసింది, ఎండబెట్టింది, సంతకు మోసింది. ఇల్లు ఆమెది, పొద్దు ఆమెది. ఎవరిచేతా అన్నం పెట్టమని చెప్పించుకోకుండా, ఎవరి చేతికీ భయపడకుండా బతుకుతోంది. ఆమెకు కావలసింది అంతే. అది కూడా ఎక్కువైంది కొందరి కళ్ళకు.

ఏడాది తిరిగీ తిరగ్గానే జోగులు వచ్చాడు, వెంట ఊరి పెద్ద మచ్చన్న.

"అన్న పోతే వదినని తమ్ముడు సేసుకోడం మనకున్నదే గదా సుక్రీ. తోట యింటి బయటికి పోకూడదు. నువ్వూ పోకూడదు" అన్నాడు మచ్చన్న.

చూశారా వరస! తోట ముందు, మనిషి తర్వాత. నేను ఇనుమును కాబట్టి అరవలేకపోయాను.

సుక్రి గుమ్మంలోనే నిలబడి చెప్పింది. "నాకు మనువొద్దు మావా. నా గంజి నాను కాసుకుంటన్నాను."

"ఒద్దంటే సరిపోద్దేటి? అడిగే కుండ పెడతాడు. ఆనక సూద్దాం."

ఈ అడిగే కుండ సంగతి మీకు చెప్పాలి. ఆ ఊళ్ళో మగవాడు ఒక ఆడదాన్ని మనువు అడగాలంటే తన ఇంట్లో పులియబెట్టిన లంద కుండ తెచ్చి, పెద్దల ఎదుట ఆమె ముందు పెట్టాలి. ఆమె మొదటి దొప్ప తాగితే ఒప్పుకున్నట్టు. ఆమె తాగాకే పెద్దలు ముట్టాలి. తాగకపోతే వాడు కుండ ఎత్తుకుని పోవాలి, మళ్ళీ అడక్కూడదు. వినడానికి ఎంత బాగుంది! కానీ తాగనన్న ఆడదాన్ని ఆ ఊరు ఎన్నడూ చూడలేదు. చుట్టూ అంతమంది మగవాళ్ళు కూర్చుని కళ్ళల్లోకి చూస్తుంటే ఎవరు తాగరు? పైగా మచ్చన్న ముందే చెప్పేశాడు, తాగేదాకా ఎవరూ లేవరని.

అంతటితో అయిందా? ఆ కుండలో లంద అడిగేవాడి ఇంటి ఆడవాళ్ళే పులియబెట్టాలి. జోగులు ఇంట్లో ఆడదిక్కు ఎక్కడుంది? తల్లి లేదు, పెళ్ళాం వెళ్ళిపోయింది. మరి వాడు ఏం చేశాడో తెలుసా? మొక్కజొన్న మూట తెచ్చి ఈ అరుగు మీదే దింపాడు, నా ముందరే.

"వదినా, నువ్వూ మా యింటి ఆడదానివే గదా. నువ్వే పెట్టీ. నీ సేతి లంద అయితే పెద్దోలు కూడా కుసాలగా ఉంటారు."

తనను అడిగే కుండకు తానే గింజ ఆడించుకోవాలట! ఛీ! సిగ్గన్నది ఉంటే కదా. పక్కింటి ముసలి సొంబరి అది విని ఉమ్మేసింది. సుక్రి మాత్రం మూట వంక కాసేపు చూసి, లోపలికి లాక్కుంది.

"సరే. పెడతాను" అంది.

అప్పుడు నాకు ఆమె మీద కూడా కోపం వచ్చింది. వచ్చిన కోపం రోజురోజుకూ పెరిగింది. ఎందుకంటే ఆమె అంత శ్రద్ధగా గింజ నానబెట్టడం నేను ఎప్పుడూ చూడలేదు. పుచ్చు గింజ ఏరి పారేసింది. మొలకల మీద అడ్డాకులు ఎండిపోకుండా నీళ్ళు చిలకరించింది. ఎండలో తిరగేసి తిరగేసి ఎండబెట్టి, ఒక గింజ కొరికి చూసి, అప్పుడు నా దగ్గరికి తెచ్చింది. బిళ్ళలు విప్పి తుడిచింది. స్క్రూ సరిచూసింది. ఏమే, పాడు చేయడం చేతకాదా నీకు? కొంచెం బిగిస్తే బంక అయి చస్తుంది కదా! కొంచెం వదులు చేస్తే చప్పటి నీళ్ళయి ఊరుకుంటుంది కదా! నేను కీచుమన్నాను, మొరాయించాను, బల్ల మీద ఊగిపోయాను. ఆమె బల్లకు ఒక చెక్క చీలిక దిగ్గొట్టి, మళ్ళీ తిప్పింది. రవ్వ ఎంత బాగా వచ్చిందో చెప్పడానికి నాకే ఉక్రోషంగా ఉంది.

"ఒప్పేసుకున్నావేటే?" అని సొంబరి అడిగింది.

సుక్రి పిడి ఆపలేదు. "కుండ బాగుండాల పిన్నీ. శానా బాగుండాల."

కుండ గొణగడం కాదు, కేకలు పెట్టింది. అడిగే రోజు మధ్యాహ్నం అరుగు ముందు ఊరి మగవాళ్ళంతా చేరారు. మచ్చన్న నడుమ కూర్చున్నాడు. జోగులు నూనె రాసుకుని, కొత్త తువ్వాలు వేసుకుని, పెళ్ళి అయిపోయినట్టే చుట్టూ చూస్తున్నాడు. ఆడవాళ్ళు చూరు కింద నిలబడ్డారు. సుక్రి కుండ తెచ్చి నడుమ పెట్టి, మూతికి కట్టిన ఆకు విప్పింది.

ఆ వాసనకు మాటలు ఆగిపోయాయి. నాలుకలు పెదవుల మీదికి వచ్చాయి. కొండ మీద ఎండ, ఎదురుగా అలాంటి లంద, ఇక ఆచారం ఎవరికి గుర్తుంటుంది?

సుక్రి దొప్ప ముంచింది. అందరూ ఆమె నోటి వంక చూశారు. ఆమె ఆ దొప్ప మచ్చన్నకు ఇచ్చింది.

"పులుపు సరిపోనాదో నేదో సూడు మావా. తేడా వొస్తే రేపు నన్నే అంతారు."

మచ్చన్న చూశాడు. ఒక్క గుక్కలో దొప్పంతా చూశాడు. "ఒలమ్మ! అమ్మతోడు, ఇట్టాంటిది తాగి శాన్నాలయినాది" అని దొప్ప మళ్ళీ చాపాడు. పక్కవాడు ఊరుకుంటాడా? ఆ పక్కవాడు? "నాకూ పొయ్యే సుక్రీ", "ఇటేపు రానీ", ఒకటే గోల. ఆమె వంగి వంగి పోసింది. ఎవరి దొప్పా ఖాళీగా ఉండనివ్వలేదు. జోగులు కూడా చాపాడు, ఆ వెర్రి వెధవ! వాడికీ నిండా పోసింది. అప్పటికి నాకు సంగతి అర్థమైంది. నా రవ్వ మీద నాకు మొదటిసారి గర్వం కలిగింది.

చివరికి మచ్చన్న మీసం తుడుచుకుని, పెద్దరికం గుర్తొచ్చి గొంతు సవరించాడు. "సరే. ఇంక నువ్వు తాగే సుక్రీ. కానియ్యి."

సుక్రి కుండ ఎత్తి బోర్లించింది. అడుగున ఉన్న పిప్పి తప్ప చుక్క రాల్లేదు.

"ఏటి తాగమంతావు మావా?"

ఆమె నిటారుగా నిలబడింది. అంతవరకూ కడుపులో దాచుకున్న కోపమంతా గొంతులోకి వచ్చింది.

"అడిగే కుండ తాగినోలు ఒప్పుకున్నట్టని మీరే గదా సెప్తారు? నాను సుక్క ముట్టనేదు. మీరు తాగినారు. ఒక్కొక్కలు ఎన్నేసి దొప్పలు తాగినారో పైనున్న దేవుడికి తెలుసు. లెగండి మరి! జోగులు యింటికి కాపరానికెల్లండి. ముందు నువ్వెల్లు మావా, మొదటి దొప్ప నీదే. ఆడికి వొండి పెట్టండి, ఆడు కొడితే దెబ్బలు తినండి!"

చూరు కింద ముందుగా నవ్వింది సొంబరి. పళ్ళు లేని నోరంతా తెరిచి నవ్వింది. "జోగులూ తాగినాడే! ఆడికాడే మొగుడూ పెల్లమూను!" అంది. దాంతో ఆడవాళ్ళు పగలబడ్డారు. తర్వాత మగవాళ్ళలో కుర్రకారు తలలు దించుకుని భుజాలు కదిలించారు. మచ్చన్న మొహం కందగడ్డ అయిపోయింది. కానీ ఆచారం ఆయన నోటి నుంచి వచ్చిందే, ఆయన కడుపులోకి పోయిందే.

"కుండ అయిపోనాది" అన్నాడు చివరికి, నేల చూస్తూ. "ఆమె తాగనేదు. జోగులూ, ఇంక నువ్వు అడక్కూడదు."

జోగులు లేచాడు. ఆమె మీదికి వెళ్ళబోతే ఆడవాళ్ళు అడ్డం నిలబడ్డారు. అంతమంది మధ్య ఆమెను ఏమీ చేయలేక నా మీదికి వచ్చాడు. చేతకానివాడి కోపం ఎప్పుడూ ఇలాగే దారి మళ్ళుతుంది. "ఇది మా అన్న కొన్నాడు! ఇది మాది!" అంటూ బల్లతో సహా ఊడబెరికి, గుమ్మం ముందున్న రాతి మీద వేసి కొట్టాడు. నెత్తి మీది గిన్నె రెండు ముక్కలైంది. పిడి వంగిపోయింది.

సుక్రి నా వైపు ఒక అడుగు వేసింది. ఆగింది. "పట్టుకుపో" అంది వాడితో. "అదొక్కటే నీకొచ్చీది."

అది విని నాకు ఎంత బాధ కలిగిందో! ఆమెతో ఉండిపోవాలనుకున్నాను నేను. కానీ నన్ను ఇచ్చేస్తే వాడు మళ్ళీ ఆ గుమ్మానికి రావడానికి సాకు ఉండదు. నాకు అర్థమైంది. అర్థమైతే మాత్రం మంట తగ్గుతుందా?

వాడు నన్ను ఇంటికి కూడా తీసుకెళ్ళలేదు. దారిలో తుప్పల్లో పడేశాడు. పాత ఇనుము ఏరుకునేవాడు దొరకబుచ్చుకుని, మోపెడ్ మీద కొండ దించాడు. ఇప్పుడు మైదానంలో ఒక పాత సామాను కొట్టు వెనక ఉన్నాను. నా మీద విరిగిన ఫ్యాను రెక్క, నా కింద సైకిలు చట్రం. వాన వస్తే తడుస్తాను. నన్ను కరిగించడానికి ఎప్పుడు పంపుతారో తెలియదు. వచ్చిన ప్రతివాడూ కాలితో పొర్లించి, "చవక సరుకు" అంటూనే ఉన్నాడు.

మొన్న ఆ ఇనుము వాడు కొట్టు యజమానితో చెబుతుంటే విన్నాను. సుక్రి ఆ ఇంట్లోనే ఉందట. తోట ఆమే చూసుకుంటోందట. కొత్త మర కూడా కొనుక్కుందట. దాని మీద నాకు పీకల దాకా కోపం ఉంది, అది వేరే సంగతి. కానీ ఇంకో మాట చెప్పాడు. ఆ ఊళ్ళో మొన్నొక పిల్లను అడగడానికి కుండ పెట్టారట. మూత విప్పారట, వాసన గుప్పుమందట. ఆ పిల్ల దొప్ప చేతిలో పట్టుకుని ఆలోచిస్తూ కూర్చుందట. మచ్చన్నా పెద్దలూ కూడా చేతులు ఒళ్ళో పెట్టుకుని, గొంతులు ఎండిపోతున్నా ఒక్కరూ నోరెత్తకుండా, పొద్దు వాలేదాకా ఆమె నోటి వంకే చూస్తూ కూర్చున్నారట.

కూర్చోనీండి.