బండి పోయేదాక

బొగ్గుబండే ఇది, నిండు బండి, ఖాళీదైతే భూమి గిట్ల అదరదు, ముందట రెండు ఇంజన్లు కట్టి గుంజుతాండ్రంటే యాభై డబ్బాలకు తక్కువ లేవు, మెల్లగ పోతది, పోయేదాక ఎవ్వలూ నోరు తెరువరు, నడిమిగడ్డల పుట్టినోళ్ళకు గది పాలతోని పట్టిన అలవాటు, బండి వచ్చిందంటే మాటను అన్నకాడ ఆపుతరు, పోయినంక ఆపిన కాన్నుంచే అందుకుంటరు, లగ్గంల పుస్తె కట్టంగ అయ్యగారి మంత్రం సుత గట్లనే ఆగుతది, ఇప్పుడు మొగిలమ్మ చెయ్యి గాలిలనే ఉండిపోయింది, కాక ఏమంటే గదే మా అందరి మాట, నువ్వు చెప్పు కాక, అని సారంగపాణి దిక్కు చూపిన చెయ్యి, దాని ఎంబడి నలభై ఇండ్ల కండ్లు, ముప్పై ఏండ్లు పట్టాల మీద సుత్తె పట్టి తిరిగిన గ్యాంగ్‌మన్ సారంగపాణికి బండి జల్ది పోవద్దని అనిపించుడు ఇదే మొదలు.

రేపు పొద్దుగాల పెద్దాఫీసరు వస్తడట, ఇంకో పదేండ్లకు మీ గడ్డ ఎట్లుండాల్నో మీరే కూసోని అనుకోండ్రి, అందరు కలిసి ఒక్క కాయిదం, ఒక్కటే పని, రెండు అడిగితే ఒక్కటి సుత కాదు అన్నడట, బడి పంతులు కిషన్ రావు సారు ఐతారమని సుత చూడకుంట కాయిదం పట్టుకొని కాజీపేట నుంచి వచ్చిండు, పాఠం చెప్పినట్టే చెప్పిండు, ఇటు హైదరాబాద్ లైను, అటు ఢిల్లీ లైను, గా పక్కన రెంటినీ కలిపే వంకర లైను, నడుమ మీరు, మీది దీవి, అంటే మొగిలమ్మ పకపక నవ్వింది, నీళ్ళు లేని దీవి సారూ, అందుకే నల్లా రాయుండ్రి, నెత్తిన బిందెతోని పట్టాలు దాటుడు ఇంక నాతోని కాదు, భారతి లేచి నల్లా తర్వాత వదినె, ముందుగాల పట్టాల మీదికెల్లి మెట్ల బ్రిడ్జి అడుగుదాం, నా బిడ్డ ఆగిన బండి కిందికెల్లి దూరి బడికి పోతాంది, వచ్చేదాక నా పానం పానంల ఉండదు అంటే, ఓ నీకేం ఫికరే, మన సారంగపాణి కాక లేడా, ఆగిన బండి ఎప్పుడు కదులుతదో కాకకు ఎరుక, పొమ్మంటే పోతం, ఆగుమంటే ఆగుతం, ఎన్నడన్న తప్పిందా ఆయన మాట, అన్నది మొగిలమ్మ, గప్పుడే బండొచ్చింది.

పద్దెనిమిది, పందొమ్మిది, లెక్కపెట్టొద్దనుకున్నా నోట్లె డబ్బాల లెక్క నడుస్తనే ఉంటది, మోకాళ్ళు సలుపుతున్నయి, నౌకరి దిగి రెండేండ్లాయె, పట్టాలు ఇడిసిపెట్టినయి గాని జనం ఇడిసిపెట్టలేదు, తెల్లారితే వాకిట్ల మంచం కాడికే వస్తరు, కాకా పోవచ్చునా, తాతా దాటాల్నా, కూరగాయల గంపోళ్ళు, బడి పోరగాండ్లు, నీళ్ళాడుతున్న కోడలిని దవాఖానకు తోల్కపోయేటోళ్ళు, ఆయన చెవి వొగ్గి ఇంజన్ ఊపిరి వింటడు, సిగ్నల్ దిక్కు చూస్తడు, పోండ్రి అంటడు, అన్నంక ఆఖరు మనిషి అవతల తేలేదాక మంచం మీద కూసోడు, గిదంతా ఎవలకు ఎరుక, ఎంత అలిసిపోయిండో ఎవలకు చెప్పాలె, కాకకు అన్నీ ఎరుకే అని వాళ్ళు నవ్వుకుంట పోతరు.

ఎన్నడన్న తప్పిందా అంటది మొగిలమ్మ, తప్పింది, ఎమర్జెన్సీ పెట్టిన ఏడు, ఎండలు మండుతున్నయి, రాత్రి డ్యూటీ దిగి వచ్చి మంచంల ఒరిగిండు, పెండ్లాం చిలుకమ్మ బీడీల గంప నెత్తికెత్తుకొని, కార్ఖానకు యాళ్ళయితాంది, బండి అడ్డమున్నది, పోదునా అయ్యా అని అడిగింది, ఆయన లేవలేదు, కండ్లు సుత తెరువలేదు, పో, అద్దగంట దాక కదలదు అన్నడు, నిద్ర మీద అన్నడు, అని అటు మర్లి పన్నడు, జరంత సేపటికి డబ్బాల గొలుసులు ఒకదాని ఎనుక ఒకటి గుంజుకుంట టకటక టకటక వచ్చిన సప్పుడు, కేక ఇనపడకముందే ఆ సప్పుడుకే లేచి ఉరికిండు, బీడీలు పట్టాల నిండ పడి ఉన్నయి, ఎడమకాలు మోకాలు కిందికి లేదు, దవాఖానల ఊరంతా మంచం చుట్టు నిలబడి ఎట్లయింది అక్కా అంటే, ఆయన ఆగుమన్నడు, నేనే ఇనకపోతి, నా మొండితనమే నన్ను తిన్నది అన్నది చిలుకమ్మ, ఆయన దిక్కు చూడకుంటనే అన్నది, ఆయన తలకాయ వంచుకొని నిలబడ్డడు, గంతే, తొమ్మిదేండ్లాయె, ఇంట్ల ఆ ముచ్చట ఇద్దరు మళ్ళ ఎత్తలేదు.

నలభై రెండు, నలభై మూడు, అగో చిలుకమ్మ, ఇంటి ముందటి సాయబాన్ రేకుల కింద చాట ఒళ్ళె పెట్టుకొని కూసున్నది, పక్కన కట్టె, కండ్లు సారు కాయిదం మీద ఉన్నా వేళ్ళు బీడీలు చుడుతనే ఉన్నయి, ఆ కాలును చూపిచ్చి తల్లులు పిల్లలకు చెప్తరు, చూడు, తాత మాట ఇనకుంటే చిలుకమ్మవ్వకు ఏమైందో చూడు అని, ఎన్నిసార్లు తన చెవులతోనే ఇన్నడు, ఇని ఊకున్నడు, చిలుకమ్మ తలెత్తింది, డబ్బాల నీడలు ఆమె మొఖం మీదికెల్లి పోతున్నయి, చెప్పుమని లేదు ఆ చూపుల, చెప్పొద్దని లేదు, ఉన్నదంతా అలుపే, తన అసొంటి అలుపే, ఇన్నేండ్లు తన పరువును గామె ఒంటికాలి మీద మోసింది, ఆ అబద్ధం నమ్మే భారతి బిడ్డ రేపు మళ్ళ డబ్బాల కింద దూరుతది, నడిమిగడ్డకు బ్రిడ్జి రాకుంట అడ్డమున్నది పట్టాలు కాదు, తన మాటే.

ఆఖరు డబ్బా, ఎనుక గార్డు పచ్చ జెండా ఊపుకుంట పోయిండు, దుమ్ము నెమ్మదిగ కిందికి దిగింది, చెప్పు కాక, నల్లానే గదా, అని మొగిలమ్మ ఆపిన కాన్నుంచి అందుకున్నది, సారంగపాణి మోకాళ్ళ మీద చేతులానిచ్చి లేచిండు, బ్రిడ్జి అని రాయి సారూ, అన్నడు, ఇంకో మాట సుత ఇనుండ్రి, ఆనాడు నేను ఆగుమనలేదు, చూడకుంటనే పొమ్మన్న, చిలుకమ్మ నా మాట ఇన్నది, ఇనే పోయింది.