గుండెలో మోకాలి లోతు

"పిల్లల కళ్లకు గంతలు కట్టి పాఠం చెబుతారా!" అని రామచంద్రపురం బడిలో సైన్సు చెప్పే భాస్కరం మాస్టారు పొద్దుటినుంచీ చిటపటలాడుతూనే ఉన్నారు. బడికి కొత్తగా వీఆర్ కళ్లద్దాలు వచ్చాయి. అవి పెట్టుకుంటే మనిషి గుండె లోపల, పారే రక్తంలో నిలబడినట్టే ఉంటుంది.

ఎనిమిదో తరగతి వర్షిణి పెట్టుకోగానే, కాలవలో దిగేదానిలా చుడీదార్ పైకి లాక్కుంది. క్లాసంతా గొల్లుమంది.

"మాస్టారండీ, ఈ తలుపు రక్తాన్ని ముందుకు వదులుతుంది గానీ వెనక్కి రానివ్వట్లేదేంటండి?" అంది.

ఆ కవాటాన్ని ఆయన ఏళ్ల తరబడి బోర్డు మీద గీస్తున్నా, ఏ పిల్లా అడగని ప్రశ్న అది. మాస్టారి కోపం ఎటు పోయిందో!

"ఇలా ఇయ్యమ్మా," అని తనే తగిలించుకున్నారు. "అబ్బ... అబ్బబ్బ!" అనుకుంటూ గుండెంతా కలయదిరిగారు.

తీసేసరికి క్లాసు మళ్లీ గొల్లుమంది. మాస్టారు కిందికి చూసుకుంటే, తన ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి ఉంది.