కారియర్ మూత

డెబ్భై తొమ్మిదిలో మా చర్చి స్త్రీల సమాజం తరఫున, వన్‌టౌన్‌లో వండుకోలేని ముసలివాళ్ళు ఏడుగురికి రోజూ మధ్యాహ్నం అన్నం మోసేదాన్ని. నిండు కారియర్ ఇచ్చి, కడిగిపెట్టిన నిన్నటి కారియర్ తీసుకోవడం, అంతే. ఎవరింట్లోనైనా కూర్చుంటే చివరి ఇంటికి అన్నం చల్లారిపోతుంది.

చిలకమ్మగారి దగ్గరే నాకు ఒళ్ళు మండేది. హార్బరులో కలాసీగా చేసిన మొగుడు పోయాక ఆవిడకెవరూ లేరు. ఏ రోజు వెళ్ళినా కారియర్ ఉండేది, మూత ఉండేది కాదు.

"ఏడెట్టినానో గేపకం లేదమ్మా. నువ్వే ఓ పాలి సూడు" అనేది.

నేను మంచం కిందా పొయ్యి వెనకా వెతుకుతుంటే, పక్కనే చతికిలబడి మా పిల్లల సంగతులన్నీ అడిగేది. ఒకరోజు మూత ఆవిడ దిండు కిందే దొరికింది.

"కావాలనే దాస్తున్నారా మామ్మగారూ? ఇంకా నాలుగిళ్ళు తిరగాలి. మీ ఒక్కరి కోసమే పుట్టానా నేను?" అన్నాను.

మర్నాడు తలుపు దగ్గరగా వేసి ఉంది. గుమ్మంలో తోమిన కారియర్, దానిమీద మూత. లోపలికి వెళ్ళడానికి నాకు ఏ వంకా లేదు. మూత తీసి చీరకొంగు కింద దాచుకున్నాను.

"మామ్మగారూ, మూత కనబడ్డం లేదు. లోపలుందేమో చూడనా?"

నులకమంచం కిర్రుమంది.

"ఆడే ఉంటాదమ్మా, నానే ఎట్టినాను. నీకు ఆలీసమైపోతాది, ఎల్లు."