నాలుగో రొట్టె

తెల్లారి నమాజు అయ్యాక, అన్న కూలిన ఇంటికి వెళ్ళి తండూరు పొయ్యిలోంచి నాలుగు రొట్టెలు తెచ్చుకోవడం జర్వలీకి ఏడాదిగా అలవాటు. విమానాలు బాంబులేసిన నాడు ఆ ఇల్లు నేలమట్టమైంది, తండూరు ఒక్కటే మిగిలింది. పిండి కలిపేవాళ్ళు లేరు, మంట పెట్టేవాళ్ళు లేరు. రొట్టెలు మాత్రం వేడివేడిగా వస్తాయి. ఊళ్ళో ఎవరూ దాన్ని గురించి ప్రత్యేకంగా మాట్లాడుకోరు. ఈమధ్య కాస్త మాడుతున్నాయని పక్కింటి ముసలాయన మాత్రం సణుగుతాడు.

ఆ లోయలో ప్రతి ఆడమనిషీ రొట్టె మీద వేళ్ళతో తన గుర్తు నొక్కుతుంది. చూడగానే ఎవరి చేతిదో ఊరికి తెలిసిపోతుంది. పేరు మాత్రం పరాయి మగాడి ముందు పలకకూడదు, పరువు పోతుంది. జర్వలీ పరువు కోసం ప్రాణమిచ్చే మనిషి. ఎవరి ప్రాణమన్నది వేరే సంగతి.

మొదట విచారణకొచ్చినవాళ్ళు ఆ ఇంట్లో ఎవరు పోయారని అడిగితే, అన్న, అన్న కొడుకులిద్దరూ అని చెప్పాడు. ఆడవాళ్ళ మాటెత్తితే మీకెందుకని కసిరాడు. వాళ్ళు ముగ్గురని రాసుకుని పోయారు. బాంబులేసినవాళ్ళకు కావలసిందీ అదే. ఆడవాళ్ళు లేని ఇల్లు గనక అది ఉగ్రవాదుల స్థావరమేనని, సామాన్యులెవరూ చనిపోలేదని ప్రకటించేశారు. తేనెటీగలు పెంచుకుని బతికిన అన్న, చచ్చాక ఉగ్రవాది అయ్యాడు. రేడియోలో అది విని జర్వలీకి తల తీసేసినట్టయింది. అయినా నోరు విప్పలేదు.

ఇప్పుడు కాబూల్ నుంచి ఇద్రీస్ అనే అధికారి మళ్ళీ విచారణకు వచ్చాడు. ఇదే ఆఖరుసారి, కొత్త సాక్ష్యం దొరక్కపోతే ఫైలు మూసేస్తారని ముందే చెప్పాడు. ఊరిపెద్దలంతా జర్వలీ ఇంటి అతిథుల గదిలో కూర్చున్నారు. తెర వెనక నుంచి టీ, ఆ నాలుగు రొట్టెలూ వచ్చాయి.

ఇద్రీస్ రొట్టెలను పక్కపక్కన పరిచి చాలాసేపు చూశాడు. "ఇవి నలుగురి చేతులు కాకా. మీరు ముగ్గురు మగవాళ్ళే అన్నారు."

"మా వదిన," అన్నాడు జర్వలీ గొంతు తగ్గించి. "ఆమె ఇద్దరు కోడళ్ళు."

"మరి ఈ నాలుగోది? చిటికెన వేలి గుర్తు వంకరగా ఉంది."

ఆ వేలు చిన్నప్పుడు తలుపు సందులో పడి వంకర తిరిగింది. ఆ తలుపు వేసింది జర్వలీయే. పెద్దమ్మ దగ్గర రొట్టెలు నేర్చుకుంటానని బాంబులు పడిన వారం అక్కడే ఉంది పిల్ల. ఏడాది పొడుగునా వచ్చినవాళ్ళందరితో అతను అసలు కూతురే లేనట్టు మాట్లాడాడు. పెద్దలు అతని వంక చూడకుండా గడ్డాలు నిమురుకుంటున్నారు. సిగ్గుతో అతని చెవులు కాలిపోయాయి. సిగ్గుపడాల్సింది పేరు చెప్పడానికని ఇన్నాళ్ళూ అనుకున్నాడు. చెప్పనందుకని ఇప్పుడు తెలిసింది.

"నా కూతురు," అన్నాడు.

"పేర్లు లేకపోతే బాంబులేసినవాళ్ళు ఒప్పుకోరు కాకా. అందరివీ కావాలి. ఈ పాపతో మొదలుపెట్టండి."

"స్పోజ్మయ్."

ఇద్రీస్ రాసుకున్నాడు. ఏడాదిగా జర్వలీతో ఒక్క మాటా మాట్లాడని అతని భార్య తెర వెనక నుంచి అంది:

"వయసు కూడా రాయించండి. పద్నాలుగేళ్ళు."